ముద్దఈ, ముద్దాయి

పోయిన చలికాలం నా బండి పోయింది. ఊరి పేరు చెప్పను. పని మీద ఒక టౌనుకి వెళ్ళి, మగ్రిబ్ వేళకి మసీదు ముందు బండి పెట్టి లోపలికి పోయాను. సలాం తిప్పి బయటికొచ్చేసరికి బండి లేదు. చెప్పుల జత మాత్రం భద్రంగా ఉంది.

ఠాణాకి పోయాను. బల్ల ముందు కూర్చున్నాయన తలెత్తకుండా "పేరు?" అన్నాడు. చెప్పాను. తలెత్తాడు.

"ఏ ఊరు?"

"దుర్గి."

"ఏం చేస్తుంటావ్?"

"బడి పంతుల్ని సార్."

"ఇంతకుముందు నీ మీద కేసులేమన్నా ఉన్నాయా?"

పోయింది నా బండి సార్, అన్నాను. ఆయన విననట్టే ఉన్నాడు. అన్నదమ్ములెంతమంది, ఎవరెవరు ఎక్కడ ఉంటారు, గల్ఫులో ఎవరన్నా ఉన్నారా, ఈ టౌనుకి ఎన్నిసార్లు వచ్చావు... అరగంట. బండి రంగేమిటని మాత్రం అడగలేదు. ఆఖరికి "రేపు రా" అన్నాడు. కాగితం తీసుకోలేదు.

రాత్రి బస్సులో ఇల్లు చేరి అబ్బాకి చెప్పాను. అబ్బాకి ఎనభై దాటాయి. ఉర్దూ మున్షీగా పనిచేసి రిటైరయిన మనిషి. దుప్పట్లోంచి మొహం బయట పెట్టి నవ్వాడు.

"క్యా రే, ముద్దఈ బన్‌కే గయా, ముద్దాయి బన్‌కే ఆయా?"

నాకు ఆ పూట నవ్వు రాలేదు గానీ మాట మాత్రం పట్టుకుంది. ఉర్దూలో ముద్దఈ అంటే దావా వేసినవాడు, నాకు అన్యాయం జరిగిందని చెప్పుకోడానికి వచ్చినవాడు. ఎవరి మీద దావా వేశారో వాడు ముద్దాఅలై. ఈ ముద్దఈ మన తెలుగు కచేరీల్లోకి వచ్చి ముద్దాయి అయింది. అయ్యి, నేరం మోపబడినవాడి పేరయి కూర్చుంది. లఫ్జ్ అదే. ఫిర్యాదు చెప్పుకునే వైపు నుంచి బోనులోకి మారిపోయింది.

మన పోలీసు మాటలన్నీ దాదాపు ఆ వైపు నుంచి వచ్చినవే. జవాను, జమేదారు, దఫేదారు, గస్తీ, హాజరు, జప్తు, జామీను, ఫిర్యాదు, పంచనామా... ఉర్దూ రాదనుకునే పల్నాటి రైతు కూడా ఠాణా గడప ఎక్కితే సగం ఉర్దూయే మాట్లాడతాడు. అన్ని మాటలూ తమ అర్థంతో నిలబడ్డాయి. ఈ ఒక్కటే బోర్లా పడింది. ఎందుకు పడిందో భాష తెలిసినవాళ్ళు చెబుతారేమో. నాకైతే మా తాలూకా తారీఖు చదివితే, ఇక్కడ ఆ మాట బోర్లా పడకుండా ఉంటేనే ఆశ్చర్యం అనిపించింది.

ఆ వారమే కాలిఫోర్నియా నుంచి నా భాంజీ ఫోన్ చేసింది. అక్కడ కాలేజీలో వాళ్ళ దేశపు పోలీసుల చరిత్ర మీద ఏదో రాయాలట, 1900 నుంచి 1930 దాకా. "మామూ, బర్కిలీలో ఆగస్ట్ వోల్మర్ అని ఒకాయన ఉండేవాడు. పోలీసులకి సైకిళ్ళిచ్చాడు, చదువు చెప్పించాడు. 1921లో ఆయన దగ్గర పనిచేసే జాన్ లార్సన్ అనే పోలీసు అబద్ధాలు పట్టే మిషను తయారుచేశాడు. అప్పుడు మన దుర్గిలో పోలీసులెట్లా ఉండేవాళ్ళు?" అంది.

1921 అన్న మాట వినగానే నాకు పర్‌దాదా గుర్తొచ్చాడు.

మా ఇంట్లో ఒక రేకు పెట్టె ఉంది. అందులో ఒక ఇత్తడి బిళ్ళ, రంగు వెలిసిన ఎర్ర గుడ్డ పేలిక ఉన్నాయి. ఆ పేలిక ఒకప్పుడు తలపాగా. అబ్బా వాళ్ళ దాదా, అంటే నాకు పర్‌దాదా, పోలీసు జవాను. ఈ సంగతి మా ఇంట్లో గట్టిగా చెప్పుకునేది కాదు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ వర్దీ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి.

మన మద్రాసు ఇలాకాలో మొదట పోలీసు వేరు, పన్ను వసూలు వేరు కాదు. 1816 కానూనుతో ఊళ్ళో పోలీసు పని మునసబుది. అతని చేతి కింద తలారి. పైన తహసీల్దారు, అతని బంట్రోతులు. శిస్తు అడిగే చెయ్యీ, కొట్టే చెయ్యీ ఒకటే. సర్కారు వేసిన కమిషనే 1855లో ఈ సంగతి రాసింది. శిస్తు రాబట్టడానికి వేళ్ళ మధ్య కర్రలు పెట్టి నొక్కడం, మనిషిని వంచి కట్టి ఎండలో నిలబెట్టడం మామూలేనని తేల్చింది. కొత్త పోలీసు దళం రావడానికి ఆ రిపోర్టు ఒక కారణం. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. ఠాణాలు, వర్దీలు, ఎర్ర తలపాగాలు ఆ తర్వాత పుట్టినవి. శిస్తు మనిషినీ పోలీసునీ విడదీశామన్నారు.

యాభై ఏళ్ళు తిరక్కుండానే, 1902లో మొత్తం హిందూస్తాన్ పోలీసుల మీద ఇంకో కమిషను. సర్ ఆండ్రూ ఫ్రేజర్ సదర్. పోలీసుకి తర్బియత్ లేదు, పైనుంచి చూసుకునేవాడు లేడు, లంచగొండి అనీ జాలిమ్ అనీ జనం అనుకుంటున్నారు అని సర్కారు కాగితం మీదే రాశారు. భాంజీకి ఇది చెబితే, "మా దగ్గర ఇట్లాంటిది 1931లో వచ్చింది మామూ, వికర్‌షామ్ కమిషను" అంది. ఒప్పించడానికి కొట్టడం, నిద్ర పోనివ్వకపోవడం అమెరికా పోలీసుల్లో ఎంతగా పాకిందో ఆ కమిషను రాసిందట. అంటే ఈ ఒక్క సంగతిలో వాళ్ళకంటే మనమే ముందున్నాం.

పర్‌దాదా నౌకరీలో చేరింది ఫ్రేజర్ రిపోర్టు తర్వాతి రోజుల్లో. ఎందుకు చేరాడంటే దాదీ దగ్గర ఒకటే జవాబు. "పేట్ కే వాస్తే." భూమి లేదు. దుర్గిలో రాయి చెక్కే పని ఉంది గానీ అది శిల్పుల ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకే పట్టుబడే హునర్. చదువు లేదు. ఒడ్డూ పొడుగూ ఉంది. ఒడ్డూ పొడుగూ ఉన్న గరీబు ముసల్మానుకి ఆ కాలంలో తెరిచి ఉన్న తలుపు అదే. 1904లో గుంటూరు జిల్లా కొత్తగా ఏర్పడింది. పల్నాడు తాలూకా అందులోకి వచ్చింది. పర్‌దాదా గుంటూరు జిల్లా జవాను అయ్యాడు.

పల్నాడు అంటే అప్పుడు రాళ్ళు, పశువులు, నల్లమల అడవి. వానలు లేని ఏడు పశువుకి అడవే దిక్కు. 1882 మద్రాసు అడవి చట్టంతో ఆ అడవి రిజర్వు అయింది. నిన్నటిదాకా తాత తోలుకుపోయిన దారిలో ఇవాళ మనవడు పశువుని తోలాలంటే పుల్లరి కట్టాలి. కట్టకపోతే పశువుని బందెలదొడ్డిలో పెడతారు. విడిపించుకోవాలంటే జుర్మానా. కట్టెపుల్లకీ లెక్కే. పైగా అడవి జవాన్లకి మామూళ్ళు.

ఇక్కడ ముద్దఈ ఎవరు? పశువులవాడు. అడవి పోగొట్టుకున్నది వాడు. కానీ రిజిస్టరులో ముద్దాయి కూడా వాడే.

1921లో సహాయ నిరాకరణ గాలి పల్నాటికి తగిలింది. జనం పుల్లరి కట్టం అన్నారు. పశువుల్ని అడవిలోకి తోలారు. సర్కారు మనుషుల్ని వెలేశారు. అడవి వాళ్ళకీ పోలీసులకీ ఉప్పూ పప్పూ అమ్మలేదు. మంగలి గడ్డం చేయలేదు. చాకలి బట్టలు తీసుకోలేదు. ఇక్కడి జనం కష్టాలు కనుక్కోడానికి వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారిని అరెస్టు చేసి జైలుకి పంపారు. ఆయన జైల్లోనే 'మాలపల్లి' నవల రాశారు. విచారించడానికి వచ్చినవాడూ ముద్దాయే అయ్యాడు.

ఆ వెలి రోజులు మా దాదీ తన అత్త నోట విన్నది. పర్‌దాదా గడ్డం పెరిగి ఫకీరులా తయారయ్యాడట. వర్దీ ఇంట్లోనే ఉతుక్కోవాలి. పొయ్యి మీద పెట్టడానికి ఏమీ లేని రోజుల్లో, చీకటి పడ్డాక పక్కింటి కమ్మవారి ముసలమ్మ దడి మీంచి చల్ల ముంత అందించేదట. పొద్దున మాత్రం ఎదురుపడితే మొహం తిప్పుకునేదట. "వో భీ సహీ, యే భీ సహీ" అనేది దాదీ. చల్ల పోయడమూ సబబే, మొహం తిప్పుకోవడమూ సబబే అని.

1922 ఫిబ్రవరి మొదట్లో అక్కడెక్కడో ఉత్తరాదిన చౌరీచౌరాలో జనం ఠాణాకి నిప్పుపెట్టారు. ఇరవై మందికి పైగా పోలీసులు చనిపోయారు. వాళ్ళూ నెల జీతం గరీబులే. గాంధీగారు ఉద్యమం ఆపేశారు. కానీ ఆ నెలలోనే, మా దుర్గికి దగ్గర్లో మించాలపాడులో పశువుల్ని పట్టుకోడానికి సాయుధ పోలీసులతో వచ్చారు. ఊరికి పెద్ద దిక్కు కన్నెగంటి హనుమంతు. కాల్పులు జరిగాయి. హనుమంతు చనిపోయాడు. తూటా తగిలి పడి ఉన్న మనిషి దాహం అడిగాడనీ, నీళ్ళు ఇవ్వబోయినవాళ్ళని పోలీసులు దగ్గరికి రానివ్వలేదనీ మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. పుల్లరి అడిగింది సర్కారు. ప్రాణం కట్టింది హనుమంతు.

పర్‌దాదా ఆ రోజు మించాలపాడులో లేడు. ఈ మాట మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకంటే ఆయన దాన్ని జిందగీ అంతా చెబుతూనే ఉన్నాడు. పెళ్ళిలో చెప్పాడు. పీర్ల చావిడి దగ్గర చెప్పాడు. మందు కోసం వచ్చిన పొరుగూరివాడికీ చెప్పాడు. "ఆ రోజు నా డ్యూటీ వేరే చోట."

అబ్బా పన్నెండేళ్ళ పిల్లవాడిగా ఉన్నప్పుడు ఆయన పోయాడు. ఆఖరి రోజుల్లో అబ్బాకీ అదే చెప్పాడట. నేను కాలేజీ కుర్రాడిగా ఉన్నప్పుడు ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "ఆయన అక్కడ లేడు కదా అబ్బా. మరి ఎందుకంత చెప్పుకోవడం?"

అబ్బా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "పూఛే సో సవాల్ కా జవాబ్ సబ్ దేతే. నై పూఛే సో సవాల్ కా జవాబ్ కౌన్ దేతా బేటా?"

అడిగిన ప్రశ్నకి అందరూ జవాబు చెబుతారు. అడగని ప్రశ్నకి చెప్పేది ఎవడు? లోపల తనకి తానే ముద్దాయి అయినవాడు. అబ్బా ఈ మాట అనలేదు. నేను అనుకున్నాను.

ఆయన ఇంకో పని కూడా చేసేవాడు. మొహర్రం నెలలో పీర్ల చావిడి దగ్గర సబీల్ పెట్టడం ఎక్కడైనా ఉన్నదే. కర్బలాలో దాహంతో పోయిన హుసేన్ యాదిలో దారిన పోయేవాళ్ళకి నీళ్ళు, షర్బత్ పోస్తారు. పర్‌దాదా పింఛను తీసుకున్నాక సబీల్ ఏడాది పొడుగునా పెట్టాడు. మా ఇంటి అరుగు మీద రెండు కుండలు, మీద తడిగుడ్డ, పక్కన ఇత్తడి గ్లాసు. ఎండాకాలం అడవి నుంచి పశువులు తోలుకొచ్చే పిల్లలు అక్కడ ఆగేవాళ్ళట. ఏ కులమని అడిగేవాడు కాదు. ఎందుకు పెట్టావని ఆయన్నీ ఎవరూ అడగలేదు. దానికి మాత్రం ఆయన జవాబు చెప్పుకోలేదు.

భాంజీకి ఇదంతా చెబితే చాలాసేపు ఫోనులో చప్పుడు లేదు. తర్వాత బోస్టన్ సంగతి చెప్పింది. 1919 సెప్టెంబరులో అక్కడి పోలీసులే హర్తాళ్ చేశారట. పదిహేను వందల పైచిలుకు మందిలో పదకొండు వందల మందికి పైగా. తక్కువ జీతం, తెగని డ్యూటీ, ఎలుకలు తిరిగే ఠాణాలు, వర్దీ కూడా సొంత డబ్బుతో కొనుక్కోవాలి. గవర్నరు కాల్విన్ కూలిడ్జ్ గట్టిగా నిలబడ్డాడు. హర్తాళ్ చేసిన ఒక్కణ్ణీ మళ్ళీ తీసుకోలేదు. కొత్తగా చేర్చుకున్నవాళ్ళకి మాత్రం జీతం పెంచారు, వర్దీ ఉచితంగా ఇచ్చారు. కూలిడ్జ్ తర్వాత దేశానికి ప్రెసిడెంటు అయ్యాడు.

అంటే ఠాణాలో పనిచేసేవాడు ఫిర్యాదు చెప్పుకున్నా ముద్దాయేనన్నమాట.

ఇంకొకళ్ళ సంగతి చెప్పకపోతే ఈ హిసాబ్ పూర్తి కాదు. నా చిన్నప్పుడు మా వీధి చివర నాలుగైదు ఎరుకల ఇళ్ళు ఉండేవి. బుట్టలు, చేటలు అల్లేవాళ్ళు. ఊళ్ళో ఎవరి కోడి పోయినా, ఎవరి గొలుసు పోయినా జీపు ముందు అక్కడికే వచ్చేది. మేం పిల్లలం జీపు వెనక పరుగెత్తేవాళ్ళం. ఒకసారి నా ఈడు కుర్రాడి నాన్నని ఎక్కించుకుని పోయారు. వాడు మర్నాడు బళ్ళో నా పక్కనే కూర్చున్నాడు. నేను వాడితో ఏమీ అనలేదు. సలేటు పక్కకి జరుపుకున్నాను. ఇది చెప్పుకోడానికి షరం గానే ఉంది.

1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం మద్రాసు ఇలాకాకీ వర్తించింది. ఏదైనా ఒక కులాన్ని నేరస్తుల కులమని సర్కారు ప్రకటిస్తే చాలు, ఆ మనిషి ఏమీ చేయకపోయినా పేరు రిజిస్టరులోకి ఎక్కేది. వేలిముద్రలు ఇవ్వాలి. హాజరు పలకాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. ఎరుకల వాళ్ళని తెచ్చి పెట్టడానికి సెటిల్‌మెంట్లు కట్టారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీ చేతిలో, కావలిలోది అమెరికన్ బాప్టిస్టు మిషను వాళ్ళ చేతిలో. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. మా వీధికి జీపు వచ్చింది ఆ తర్వాత ముప్పై ఏళ్ళకి. కానూను రద్దయినంత తేలిగ్గా ఆదత్ రద్దు కాదు.

ఆ వేలిముద్రల హునర్ వెనక మన మనిషి ఉన్నాడు. ఖాజీ అజీజుల్ హక్, బెంగాలు ముసల్మాను, లెక్కల విద్యార్థి. కలకత్తాలో పోలీసు పెద్ద ఎడ్వర్డ్ హెన్రీ కింద సబ్ ఇన్‌స్పెక్టరుగా చేరాడు. వేలిముద్రల్ని ముప్పై రెండు వరసలు, ముప్పై రెండు నిలువులు, మొత్తం 1024 గూళ్ళలో సర్దే లెక్క కట్టాడు. హేమచంద్ర బోస్ అనే ఇంకో సబ్ ఇన్‌స్పెక్టరూ ఆ పనిలో ఉన్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల దఫ్తరు వచ్చింది. 1901లో లండన్ స్కాట్లాండ్ యార్డుకి, 1904లో అక్కడి పోలీసు ఒకడు నేర్పితే అమెరికాలో సెయింట్ లూయిస్ పోలీసులకీ అది చేరింది. పద్ధతికి మాత్రం హెన్రీ పేరు పెట్టారు. హక్‌కి ఖాన్ బహాదూర్ బిరుదు, కొంత ఇనాము దక్కాయి.

ఇది చదివినప్పుడు ముందు నాకు ఫఖర్‌గా అనిపించింది. ఆ తర్వాత బుట్టలు అల్లే చేతులు సిరాలో ముంచుతుంటే కనిపించింది. ఒక ముసల్మాను కట్టిన గూడులోనే ఒక ఎరుకల మనిషి వేలు పడి ఉంది. వర్దీ వేసుకున్న పర్‌దాదా ఆ వేలు పట్టుకుని కాగితం మీద అద్ది ఉండవచ్చు. ఇవాళ నా పేరు విని తలెత్తినాయన చూపు కూడా అట్లాంటి ఒక గూడులోంచే వచ్చింది. మేం గూళ్ళు కట్టిన చోటే గూళ్ళలో పడ్డవాళ్ళం కూడా. ఎవరి మీద ఫిర్యాదు చేయను?

అయినా చేశాను. అబ్బాయే పంపాడు. "నోటితో చెప్పకు. కాగితం మీద రాసి తీసుకుపో. పైన నీ పేరు పక్కన ఫిర్యాది అని రాయి. అది మాత్రం ఇంకా బోర్లా పడలేదు" అన్నాడు.

మర్నాడు పోయాను. బల్ల దగ్గర వేరే కుర్రాడు ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎవరో పెద్దాయన బందోబస్తుకి వెళ్ళి నిన్నటి నుంచి ఇంటికి పోలేదట. కాగితం చదివాడు. బండి రంగు అడిగాడు. కొన్న ఏడు అడిగాడు. నా సంచిలో నీళ్ళ సీసా చూసి, "సార్, కొంచెం ఇస్తారా?" అన్నాడు. ఇచ్చాను. సగం సీసా తాగి మూత పెట్టి ఇచ్చాడు. ఎఫ్ఐఆర్ రాసి, నకలు చేతిలో పెట్టాడు.

బండి ఇప్పటికీ దొరకలేదు.

ఆ నకలు అబ్బాకి చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని వేలు ఆనించి ఒక్కొక్క గడీ చదివాడు. ఫిర్యాది అన్న చోట నా పేరు దగ్గర వేలు కాసేపు ఆగింది. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, రేకు పెట్టె తీయమన్నాడు. ఎర్ర గుడ్డ పేలిక కింద, బిళ్ళ పక్కన దాన్ని తనే పెట్టాడు.

"ఈ ఎండాకాలం అరుగు మీద కుండలు పెట్టాలి" అన్నాడు, పెట్టె మూస్తూ. "రెండు చాలవు. మూడు పెట్టు."